నెలలు నిండని కాన్పు: ముందే తల్లిని తీసుకెళ్లాలా, పుట్టాక బిడ్డనా?

ఏడో నెలలోనే నొప్పులొస్తే ఏటూరునాగారం వైపు ఇళ్లల్లో ఒకటే తర్జనభర్జన. ఇక్కడే కాన్పు చేయించి బిడ్డను వరంగల్ పంపాలా, తల్లినే ముందు తీసుకెళ్లాలా? దారి దాదాపు 100 కిలోమీటర్లు.

ఖర్చు: 108 బండి ఎవరికైనా ఉచితమే.

శ్రమ: తల్లిని తీసుకెళ్తే ఇద్దరూ ఒక్కచోటే. బిడ్డను పంపితే బాలింత ఇక్కడ, పసిగుడ్డు అక్కడ, పాలు అందవు.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. 32 వారాలలోపు పుట్టిన బిడ్డ మెదడులో రక్తనాళాలు మరీ సున్నితం. బీపీ పడి లేచినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి తడబడినా చిట్లొచ్చు. ఆ రక్తస్రావం ఎక్కువగా మొదటి 72 గంటల్లోనే. సరిగ్గా అప్పుడే బిడ్డను గతుకుల రోడ్డు మీద తిప్పడం నాకు భయమనిపిస్తుంది. ముందే బయల్దేరితే తల్లికి డెక్సామెథసోన్ సూదులు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు, పడే వీలుంటుంది. అవి బిడ్డ ఊపిరితిత్తులకే కాదు, మెదడుకూ కాపు. మొదటి సూది బండెక్కకముందే వేయమని అడగండమ్మా.

తల్లి నిలకడగా ఉండి, టైముందని డాక్టర్ చెప్తే తల్లినే తీసుకెళ్లండి. బిడ్డ తల కనిపిస్తుంటే మాత్రం కదలొద్దు, దారిలో కాన్పు ఇంకా ప్రమాదం. అక్కడే కాన్పు చేసి, బిడ్డ ఏడిస్తే బొడ్డుతాడు ఒక నిమిషం ఆగి కోస్తారు. మాయలోని రక్తం బిడ్డకు చేరి బీపీ నిలబడుతుంది. తర్వాత ఒళ్లు తుడిచి, టోపీ పెట్టి, వెచ్చగా ఉంచి, మెడ ఒక పక్కకు వాలకుండా పట్టుకొని పంపాలి.