లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్: గూడ్స్ పని వేరేవాళ్లకి ఇవ్వడమే మేలు

న్యూయార్క్ దగ్గర జనాన్ని రోజూ ఆఫీసులకి చేర్చే ఈ రైల్‌రోడ్ 1997లో గూడ్స్ బండ్లని న్యూయార్క్ అండ్ అట్లాంటిక్ రైల్వే అనే చిన్న ప్రైవేటు కంపెనీకి అప్పగించి, పట్టాలు మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. నాకు నచ్చిన ఏర్పాటు, నాలుగు స్టార్లు. ఆఫీసుకెళ్లే జనానికి బండి టైముకి రావాలి, అంతే. గూడ్స్ అలా కాదు, కంకర కావాలనేవాడితో, కలప దింపించుకునేవాడితో మాట్లాడుకుంటూ, ఒక్కో వ్యాగన్‌ని సైడింగ్‌లోకి, అంటే సరుకు దింపే పక్క పట్టాల మీదికి నెట్టి, ఖాళీ అయ్యాక మళ్లీ లాక్కొచ్చుకోవాలి, ఆ ఓపిక చిన్న కంపెనీకే ఉంటుంది. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, హడ్సన్ నది అవతలి నుంచి వచ్చే వ్యాగన్లు ఇప్పటికీ బార్జి (సరుకు మోసే చదునైన పడవ) ఎక్కి హార్బర్ దాటాలి, లేదంటే ఎక్కడో ఉత్తరాన ఆల్బనీ దగ్గరున్న సెల్కర్క్ రైల్ యార్డు మీదుగా చుట్టు తిరిగి రావాలి. కనీసం రద్దీ లేని వేళల్లోనైనా గూడ్స్‌కి ఇంకాస్త దారివ్వండి, లేకపోతే ఆ సరుకంతా లారీలెక్కి రోడ్ల మీదికే వస్తుంది.