రాజమండ్రిలో ఒక చిన్న పుస్తకాల కొట్టు: కొట్టు మూసేసుకున్నవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ రివ్యూలో కాస్త కుళ్లు ఉంటుంది. 2017 నుంచి 2020 మార్చి దాకా గుంటూరు బ్రాడీపేటలో నేనూ ఒక పుస్తకాల షాపు నడిపాను. లాక్‌డౌన్ వల్ల మూసేశానని అందరికీ చెప్తుంటాను గానీ అది అబద్ధం, అప్పటికే ఆరు నెలలుగా షాపు అద్దె మా ఆవిడ జీతంలోంచి కడుతున్నాం, లాక్‌డౌన్ పుణ్యమా అని పరువుతో బయటపడ్డానంతే. అందుకే ఇప్పుడు ఏ ఊళ్లో పుస్తకాల కొట్టు కనపడినా లోపలికెళ్లి ముందు పుస్తకాలు చూడను. అద్దె ఎంతుంటుంది, కరెంటు బిల్లు ఎంతొస్తుంది, ఆ పై అరలో దుమ్ము పట్టిన కట్ట ఎన్నేళ్ల నుంచి అక్కడుంది, ఇవీ నా లెక్కలు.

పోయిన నెల పెళ్లికని రాజమండ్రి వెళ్లి, ముహూర్తం రాత్రికి కావడంతో పగలంతా ఖాళీగా తిరుగుతూ దానవాయిపేటలో ఈ కొట్టు చూశాను. పేరు రాయడం లేదు. రాస్తానంటే కొట్టు నడిపే ఆవిడే వద్దన్నారు. "ఆమధ్య ఎవరో రీల్ తీసి పెట్టారండీ, నెలరోజులు ఫొటోలు దిగేవాళ్లే వచ్చారు, కొనేవాళ్లకి నించునే చోటు లేకుండా పోయింది" అన్నారు. టైలరు షాపు పక్కనుంటుంది, అడిగితే ఎవరైనా చూపిస్తారు.

కొట్టు ఎంతో లేదు, పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల లోతు ఉంటుందేమో. ఒకటే ఫ్యాను, అది కూడా ఆవిడ కుర్చీ మీద తిరుగుతుంది గానీ మన మీద కాదు. గుమ్మం దగ్గర ఒక పెద్ద బల్ల, దాని మీద పంచాంగాలు, సత్యనారాయణ వ్రతకల్పం, కార్తీక పురాణం, లలితా సహస్రం చిన్న సైజువి, పక్కన డీఎస్సీ, గ్రూప్ 2, కానిస్టేబుల్ మెటీరియల్. అది చూడగానే నా మొహం మాడిపోయింది, ఇది కూడా మామూలు కొట్టేలే అనుకుని వెనక్కి తిరగబోయాను. ఆ బల్ల దాటి లోపలికెళ్తే అసలు సంగతి తెలిసింది. కుడి గోడ మొత్తం కథలు, నవలలు, ఎడమ వైపు కవిత్వం, ఆత్మకథలు, అనువాదాలు, ఊళ్ల చరిత్రలు, వ్యాకరణం, నిఘంటువులు. కవిత్వానికి రెండు నిలువు ర్యాకులు! రాజమండ్రిలోనే కాదు, విజయవాడ ఏలూరు రోడ్డులో కూడా ఇప్పుడు కవిత్వానికి అంత చోటు ఇచ్చేవాళ్లు తక్కువ.

గుమ్మం దగ్గర అలాంటి బల్ల పెట్టకపోవడమే నేను చేసిన మొదటి తప్పు. నా షాపులో పంచాంగాలు పెట్టనన్నాను. పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టనన్నాను. "సాహిత్యం మాత్రమే" అని బోర్డు మీద రాయించాను కూడా, ఆ పెయింటరు నా వైపు జాలిగా చూసినట్టు ఇప్పుడు అనిపిస్తుంది. ఈవిడ లెక్క ఏమిటంటే, ఉగాదికి ముందు రెండు వారాల పంచాంగాల అమ్మకం రెండు నెలల అద్దె కట్టేస్తుంది, కార్తీక మాసం ఇంకో రెండు నెలలది, నోటిఫికేషన్ పడిన నెల ఎలాగూ పండగే. మిగిలిన నెలలే తిప్పలు. 2027లో గోదావరి పుష్కరాలొస్తాయి కదా, వాటి కోసం జేబులో పట్టే సైజు స్తోత్రాల పుస్తకాలు ఏవి తెప్పించాలో ఇప్పటినుంచే రాసి పెట్టుకున్నారు. కవిత్వం ర్యాకుకి అద్దె కడుతున్నది పంచాంగమే అన్నమాట.

లెక్క తెలియనివాళ్ల కోసం చెప్తాను. రెండొందల రూపాయల నవల అమ్మితే నాకు పబ్లిషర్ ఇచ్చే కమిషన్ 30 శాతం, అంటే అరవై. అందులో కొనేవాళ్లకి 10 శాతం తగ్గించాలి, అది మనవాళ్లకి జన్మహక్కు, తగ్గించకపోతే పుస్తకం బల్ల మీద పెట్టేసి వెళ్లిపోతారు. మిగిలింది నలభై. నా అద్దె పద్నాలుగు వేలు. అంటే నెలకి 350 పుస్తకాలు అమ్మితే అద్దె వరకు వచ్చినట్టు, కరెంటు, పార్శిల్ ఖర్చు, కుర్రాడి జీతం, నా టీ, ఇవన్నీ ఆ తర్వాత. ఆదివారాలు మూసేస్తే రోజుకి పదమూడు పుస్తకాల పైమాటే. నేను బాగా అమ్మిన రోజు తొమ్మిది అమ్మాను, అందులో నాలుగు మా బావమరిది కొన్నాడు.

పుస్తకం మీద జీఎస్టీ లేదు కదా, హాయిగా ఉంటుందనుకుంటారు బయటివాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. అచ్చు పుస్తకానికి పన్ను సున్నా అన్నది నిజమే. కానీ ర్యాకులు చేయించినా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నా, కొరియర్‌కి ఇచ్చినా వాటి మీద పన్ను కడతాం. మనం అమ్మేదాని మీద పన్నే లేదు కాబట్టి ఆ కట్టిన పన్నుని సర్దుబాటు చేసుకునే దారి లేదు, అది మన ఖర్చులోనే కలిసిపోతుంది. ఈ ముక్క నాకు మా ఆడిటర్ మొదటి ఏడాది చివర్లో చెప్పాడు. ఈవిడ కొట్టు తెరవకముందే కనుక్కున్నారట. కనుక్కోరూ మరి, ఇరవై ఏళ్లు బట్టల కొట్టులో లెక్కలు రాసిన మనిషి! ర్యాకులు కూడా మూతపడిన ఒక మందుల షాపు నుంచి పాతవి కొన్నారు, ఒక దాని మీద ఇంకా "సిరప్‌లు" అన్న స్టిక్కరు ఉంది, అక్కడ నాటకాలు పెట్టారు.

పుస్తకాల గురించి ఆవిడకి ఎంత తెలుసో చూద్దామని ఒక చిన్న పరీక్ష పెట్టాను. ఒక పాత నవల అడిగాను, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి కాబట్టి ఇలాంటివాటిని ఎవరు పడితే వాళ్లు వేసేస్తుంటారు, ఒకడు డీటీపీలో ఒత్తులు మింగేస్తాడు, ఇంకొకడు ముందుమాట ఎత్తేస్తాడు. ఆవిడ మూడు ప్రతులు తీసి నా ముందు పెట్టి, "ఇది అట్ట బాగుంటుందండీ, లోపల తప్పులు. ఇది చవక, కానీ అక్షరం మరీ చిన్నది, మీకు కళ్లజోడుంది కదా. ఈ మూడోది తీసుకోండి, నలభై ఎక్కువ, చదవగలుగుతారు" అన్నారు. మూడోదే తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో ఇదే నవల కొంటే అట్ట ఫొటో చూసి మొదటిదే కొనుండేవాడిని, నా సంగతి నాకు తెలుసు.

ఇక అసలు నన్ను పడగొట్టింది ఆవిడ రాసే పొడుగాటి లెక్కల పుస్తకం.

తెలుగులో కథల పుస్తకమో కవితల పుస్తకమో వేసుకునేవాళ్లు చాలామంది సొంత డబ్బుతోనే వేసుకుంటారు. వేసుకుని, ఐదో పదో కాపీలు సంచిలో పెట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి ఇస్తారు, అమ్మితేనే డబ్బులు. ఇచ్చేటప్పుడు షాపువాడు నవ్వుతూ తీసుకుంటాడు. ఆర్నెల్ల తర్వాత వచ్చి అడిగితే "లెక్క చూడాలండీ, మళ్లీ రండి" అంటాడు. మూడోసారికి ఆ మనిషికే అడగడం సిగ్గనిపించి రావడం మానేస్తాడు. ఇది ఏదో ఒక షాపు సంగతి కాదు, నేనే చేశాను. ఒక రిటైరైన లెక్చరర్ గారు పది కాపీలు ఇచ్చారు, పుస్తకం వెల 160, నా కమిషన్ 35 శాతం, ఆరు అమ్ముడుపోయాయి. ఆయనకి ఇవ్వాల్సింది 624 రూపాయలు. ఆ డబ్బు ఆ రోజు గల్లాలో ఉంది, ఇద్దాంలే అనుకున్నాను, సాయంత్రానికి పార్శిల్ వచ్చింది, దానికి కట్టేశాను. ఆయన రెండుసార్లు వచ్చారు, తర్వాత రాలేదు.

ఈవిడ లెక్కల పుస్తకంలో ఒక్కో రచయితకి ఒక్కో పేజీ ఉంది. ఇచ్చిన తేదీ, ఎన్ని, ఎన్ని అమ్మాం, ఎంత పంపాం, ఫోన్‌పేనా చేతికా. నెలలో మొదటి ఆదివారం కొట్టు మూసి, కూర్చుని, ఎవరిది ఎంతైతే అంత పంపేస్తారు. ఒక పేజీలో మొత్తం 91 రూపాయలు పంపినట్టు ఉంది. ఏడాదిలో ఒక్కటీ కదలకపోతే ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లమంటారు, బయటి ఊరివాళ్లయితే పోస్టులో వెనక్కి పంపేస్తారు. మొహమాటం లేదా మేడమ్ అని అడిగితే "ఉంచుకుంటే ఆయన పుస్తకం చెద పట్టాక ఇవ్వాలి కదండీ, అప్పుడు మొహమాటం ఎక్కువుంటుంది" అన్నారు. దీనివల్ల జరిగిందేమిటంటే విశాఖ నుంచి, కడప నుంచి కూడా రాసేవాళ్లు తమ పుస్తకాలు ముందు ఈవిడకే పంపుతున్నారు, పెద్ద షాపుల్లో కనపడనివి ఇక్కడ కనపడతాయి. ఆ రెండు కవిత్వం ర్యాకులు నిండింది అలాగే.

పేజీలు తిరగేస్తుంటే మా లెక్చరర్ గారి పేరు కనపడింది. కొత్త పుస్తకం వేశారు, ఇక్కడ ఐదు కాపీలున్నాయి. నేను ఫలానా అని చెప్పి, ఆవిడతోనే ఆయనకి ఫోన్ చేయించి, ఆయన సరేనన్నాక నంబరు తీసుకుని 624 పంపాను. పది నిమిషాలకి మెసేజ్ వచ్చింది, "సంతోషం. ఏ పుస్తకం తాలూకు?" అని. ఆయన మర్చిపోయారో, మర్చిపోయినట్టు రాశారో నాకు అర్థం కాలేదు. ఆయన కొత్త పుస్తకం ఒకటి కొనుక్కున్నాను, 180 రూపాయలు, తగ్గింపు లేకుండా.

అవును, తగ్గింపు లేదు. ఇక్కడ పది శాతం అడక్కండి. ఐదు పుస్తకాలు దాటితే పోస్టు ఖర్చు ఆవిడే పెట్టుకుంటారు, అంతవరకే. పోస్టు అంటే గుర్తొచ్చింది, పుస్తకాలు చవగ్గా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టుని 2024 డిసెంబరులో తపాలా శాఖ ఆపేసినప్పుడు ఇలాంటి చిన్న కొట్లన్నీ బెంబేలెత్తిపోయాయి, కొరియర్‌లో పంపితే పుస్తకం వెలలో మూడో వంతు దానికే పోతుంది. 2025 మేలో పుస్తకాల కోసమే తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టాక ఊపిరాడింది. 300 గ్రాముల దాకా ఇరవై రూపాయలు, ఐదు కిలోలకి వంద, పైన పన్ను. విమానంలో కాకుండా రైళ్లలో లారీల్లో వెళ్తుంది కాబట్టి నిదానం, కానీ ట్రాకింగ్ ఉంటుంది. నేను ఊరొచ్చాక మూడు పుస్తకాలు తెప్పించుకున్నాను, మూలలకి అట్టముక్కలు పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, అంత శ్రద్ధగా కట్టిన పుస్తకాల పార్శిల్ నేను చూళ్లేదు. మా ఆవిడ ఆ కవరు దాచుకుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. పిల్లల పుస్తకాలు చాలా తక్కువ, ఉన్నవి కూడా పై అరలో, పిల్లలకి అందని చోట, ఎవరికి అమ్ముదామని అక్కడ పెట్టారో అడిగితే "చింపేస్తారండీ" అన్నారు. ఆ మాట ఒప్పుకోను, పిల్లలు చింపే కాపీ ఒకటి కింద ఉంచాలి, అది ఖర్చు రాసేసుకోవాలి, నా షాపులో కాస్తో కూస్తో సాగింది పిల్లల పుస్తకాలే. తెలంగాణ రచయితలవి అంతంత మాత్రం, హైదరాబాద్ నుంచి కొద్దికొద్దిగా తెప్పిస్తే పార్శిల్ గిట్టదంటారు, డిసెంబరులో హైదరాబాద్ పుస్తకాల పండక్కి వెళ్లినప్పుడు ఒకేసారి పట్టుకొస్తారట, జూన్ వచ్చేసరికి అవి అయిపోతాయి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా మూసేస్తారు, నేను మొదటిసారి వెళ్లింది సరిగ్గా రెండింటికి, ఎండలో టైలరు షాపు అరుగు మీద కాసేపు కూర్చుని, లేచి వెళ్లి రోజ్‌మిల్క్ తాగి మళ్లీ వచ్చాను. సాయంత్రాలు ఉండే కుర్రాడికి పుస్తకాలు తెలియవు, ఫోన్లోంచి తలెత్తడు, ఆవిడ లేనప్పుడు వెళ్తే ఇది వేరే కొట్టు అనుకోవాలి.

సభలు, ఆవిష్కరణలు పెట్టరు. ఇది కొందరికి లోటుగా అనిపిస్తుందేమో, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నేను మూడేళ్లలో పద్నాలుగు ఆవిష్కరణలు చేశాను, ప్రతిదానికీ నలభై కుర్చీలు అద్దెకి తెచ్చి, సమోసాలు, టీ పెట్టి, శాలువాలు కప్పించి, చివర్లో గల్లా చూసుకుంటే మూడు పుస్తకాలు, అవి కూడా రచయిత తోడల్లుడు కొన్నవి. అలాంటి ఒక సభ రోజు ఎవరో నా షాపులో నిఘంటువు కూడా పట్టుకెళ్లారు, అది నా షాపులో అన్నింటికంటే ఖరీదైన పుస్తకం.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను, పిల్లల అర కిందికి దించితే నాలుగున్నర. ఉదయం పదిన్నరకి వెళ్లండి, అప్పుడు ఆవిడే ఉంటారు, రద్దీ ఉండదు. నెలలో మొదటి ఆదివారం వెళ్లకండి. బండి పెట్టుకోడానికి చోటు లేదు, దేవీచౌక్ దగ్గర పెట్టి నడిచి రావడం మేలు. కవిత్వం కావాలంటే ఎడమవైపు రెండో ర్యాకు కింది అర చూడండి, అక్కడ ఆవిడ ఒక్కో కాపీయే ఉన్నవి పెడతారు. లెక్చరర్ గారివి నాలుగున్నాయి ఇంకా.