యెర్బా మాతే: కొన్నేళ్లు తాగాక చెబుతున్న మాట

మాతే అంటే దక్షిణ అమెరికాలో ఒక చెట్టు ఆకు మీద వేడినీళ్లు పోసి, గొట్టంతో పీల్చి తాగే పానీయం. దాని గురించి నన్ను అడిగేవాళ్లలో సగం మందికి కావాల్సింది ఒక్కటే: ఇది తాగితే బరువు తగ్గుతామా? నేనైతే తగ్గలేదు. మిగతా సగం మంది, టీ మానేసి దీనికి మారొచ్చా అంటారు. మారొచ్చు. కానీ గబగబా కప్పు ఖాళీ చేసి లేచిపోయే అలవాటున్నవాళ్లకి ఇది పడదు. ఒకసారి ఆకు పోసుకుంటే గంటసేపు పక్కనే ఉంచుకుని, గుక్కెడు గుక్కెడు వేడినీళ్లు పోసుకుంటూ తాగాలి. దీంట్లో మంచైనా చెడైనా ఆ తాగే తీరులోనే ఉంది.

నాకు ఈ అలవాటు ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో అంటుకుంది. మన ఐటీ వాళ్లు అక్కడికి ప్రాజెక్టుల మీద వెళ్తుంటారు, అలాగే నేనూ వెళ్లాను. ఆ ఊళ్లో చంకలో ఫ్లాస్కు, అదే చేతిలో మాతే తాగే సొరబుర్ర పట్టుకుని ఆఫీసుకొస్తారు, ప్లాతా నది ముఖద్వారం ఒడ్డున రాంబ్లా అనే రోడ్డు మీద షికారు చేస్తారు, మ్యాచ్ చూస్తారు. మనిషికి ఏడాదికి 8 నుంచి 10 కిలోల ఆకు ఖర్చయ్యే దేశం అది. విచిత్రమేంటంటే ఆ ఆకులో దాదాపు అంతా దక్షిణ బ్రెజిల్ నుంచి కొనుక్కొచ్చేదే.

తేయాకుతో దీనికి చుట్టరికం లేదు. ఐలెక్స్ పరాగ్వారియెన్సిస్ అనే వేరే చెట్టు ఆకు ఇది. పరాగ్వే, దక్షిణ బ్రెజిల్, అర్జెంటీనాలోని మిసియోనెస్, కొరియెంతెస్ రాష్ట్రాల్లో పండుతుంది. మొదట తాగింది అక్కడి ఆదివాసులైన గ్వరానీ జనం. తర్వాత జెస్యూట్ పాద్రీలు తమ మిషన్లలో తోటలుగా పెంచారు. దీని గింజ ఒక పట్టాన మొలకెత్తదు, వాళ్లు ఆ కిటుకు పట్టారు. 1767లో స్పెయిన్ రాజు వాళ్లని వెళ్లగొట్టడంతో ఆ విద్య కూడా మరుగున పడింది. మళ్లీ పెద్ద తోటలు లేచింది 20వ శతాబ్దం మొదట్లోనే.

ఆకు కోసిన వెంటనే మంట చూపించి, తర్వాత ఆరబెడతారు. అర్జెంటీనాలో ఏడాది, రెండేళ్లు మాగబెడతారు. బ్రెజిల్‌వాళ్లు తాగే చిమరాన్‌కి మాగబెట్టరు, అది పచ్చగా, పిండిలా ఉంటుంది. నేను వాడినవాటిలో ఉరుగ్వేలో ఎక్కువగా అమ్ముడయ్యే కనారియాస్ అనే బ్రాండు ఘాటైనది, ఆకు కాడల పుల్లలు దాదాపు ఉండవు, మెత్తటి పొడి ఎక్కువ. కొత్తవాళ్లకి వద్దంటాను. అర్జెంటీనా రొసామొంతేలో పుల్లలుంటాయి, పొగ వాసన గట్టిగా తెలుస్తుంది. పొగ తగలకుండా ఆరబెట్టే క్రౌస్ రుచి కాస్త తేలిక. ఇప్పుడు రోజూ తాగేది అదే, ఎందుకో కింద చెబుతాను. రుచి మాత్రం ముందే చెప్పేస్తున్నా: చేదు. మా అమ్మ ఒక్క గుక్క పీల్చి, "గడ్డి నానబెట్టిన నీళ్లు తాగుతున్నావేంట్రా?" అంది. మళ్లీ ముట్టుకోలేదు. నాకు ఆ చేదు మీద ఇష్టం పుట్టడానికి కొన్ని వారాలు పట్టింది.

కలిపే పద్ధతి చూడటానికి చాదస్తంగా ఉంటుంది గానీ కారణం లేకుండా లేదు. బుర్రలో మూడింట రెండు వంతులు ఆకు పోసి, అరచేత్తో మూత మూసి, తలకిందులు చేసి ఊపాలి. పొడంతా పైకొస్తుంది, అప్పుడు అది గొట్టంలోకి దూరదు. బుర్రని మెల్లగా పక్కకి వంచితే ఆకు ఒక వైపు గుట్టగా నిలుస్తుంది. రెండో వైపు పల్లంలో గోరువెచ్చని నీళ్లు పోసి ఒకటి రెండు నిమిషాలు ఆగితే ఆకు ఉబ్బుతుంది. బొంబిషా అనే లోహపు గొట్టాన్ని, పై రంధ్రం బొటనవేలితో మూసి, ఆ తడిలోకి దింపాలి. ఇక దాన్ని కదపకూడదు. వేడినీళ్లు గొట్టం పక్కనే సన్నగా పోస్తే నురగ లేస్తుంది, గుట్ట పైభాగం పొడిగానే ఉంటుంది. చేదు తగ్గుతున్నకొద్దీ ఆ పొడి ఆకుని కొంచెం కొంచెం తడుపుకుంటూ పోతే ఒక లీటరు ఫ్లాస్కు దాకా రుచి లాగొచ్చు. మొత్తం ఒకేసారి తడిపేస్తే నాలుగో గుక్కకే చప్పబడిపోతుంది.

నలుగురు కూర్చున్నప్పుడు పోసేవాడు ఒకడే, అతన్ని సెబదోర్ అంటారు. మొదటిది చల్లగా, పొడిపొడిగా ఉంటుంది కాబట్టి అది అతనే తాగేస్తాడు. తర్వాత వరసగా ఒక్కొక్కరికీ నింపి ఇస్తాడు. పూర్తిగా పీల్చి బుర్ర వెనక్కివ్వాలి. ఇచ్చేటప్పుడు గ్రాసియాస్ (థాంక్స్) అన్నారంటే ఇక చాలని అర్థం, మీ వంతు తర్వాతివాళ్లకి పోతుంది. అందరికీ ఒకటే గొట్టం. ఎంగిలి పట్టింపున్న ఇంట్లో పెరిగినవాణ్ణి, మొదట్లో గొట్టం తుడుచుకోవాలని చెయ్యి లాగేది. అక్కడ అలా తుడవడం మర్యాద కాదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం ఎవరి బుర్ర వాళ్లదే అయింది.

ఇక ఆరోగ్యం సంగతి. అమ్మేవాళ్లు "ఇందులో ఉండేది కెఫీన్ కాదు, మతెయీనా" అంటుంటారు. నమ్మకండి, అది కెఫీనే. కెఫీన్ లాంటిదే థియోబ్రోమిన్ కూడా కాస్త ఉంటుంది. కాఫీ తాగితే వచ్చే గుండెదడ నాకు దీంతో రాలేదు, గంటసేపు కొంచెం కొంచెంగా లోపలికి పోవడం వల్లేమో. అలాగని తక్కువేం కాదు. ఉరుగ్వే పద్ధతిలో 50 గ్రాముల ఆకు పోశామనుకోండి. ఒక శాతం కెఫీన్ లెక్కేసినా 500 మిల్లీగ్రాములు. అంతా నీళ్లలోకి దిగదు గానీ, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 దాటొద్దంటారు, గర్భిణులకి 200. నేను బుర్ర సైజు తగ్గించి 20 గ్రాములకి వచ్చాను. సాయంత్రం నాలుగు తర్వాత తాగితే రాత్రి సీలింగ్ చూస్తూ పడుకోవాల్సిందే. పరగడుపున తాగితే నాకు కడుపులో మంట.

కొలెస్ట్రాల్ మీద 2009లో బ్రెజిల్ పరిశోధకులు సుమారు వంద మందితో 40 రోజులు చేసిన అధ్యయనంలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కొద్దిగా తగ్గింది. ఆశ పెట్టుకోవచ్చు గానీ మందు బిళ్ల మానేసేంత సంగతి కాదది. మన ఇళ్లల్లో ఎక్కువ పట్టించుకోవాల్సింది ఐరన్ గురించి. టీలాగే ఇదీ భోజనంలోని ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వదు. రక్తహీనత ఉన్నవాళ్లు, ముఖ్యంగా శాకాహారులు, అన్నం తిన్నాక గంటైనా ఆగాలి.

అసలు టెన్షన్ క్యాన్సర్ గురించి. దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే, ఉత్తర అర్జెంటీనాల్లో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువ. 1991లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేడి మాతేని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే జాబితాలో పెట్టింది. 2016లో మళ్లీ పరిశీలించి, మాతే అయినా ఇంకేదైనా 65 డిగ్రీలు దాటిన పానీయాలన్నిటినీ ఆ జాబితాలో ఉంచింది, అంత వేడిగా తాగని మాతేని అందులోంచి తీసేసింది. కప్పులో టీ అయితే పెదవి కాలి మనమే ఆగుతాం. గొట్టంలోంచి వచ్చే వేడి నేరుగా నాలుక వెనక పడుతుంది, ఆగే వ్యవధి ఉండదు. అక్కడివాళ్లు 70, 80 డిగ్రీల నీళ్లు పోస్తారు. నేను థర్మామీటర్ కొని 65 లోపే పోస్తున్నాను, రుచి పెద్దగా ఏం తగ్గలేదు. ఇంకోటి, పొగలో ఆరబెట్టిన ఆకులో పీఏహెచ్‌లనే హానికర రసాయనాలు చేరతాయి. పొగ లేని రకానికి మారింది అందుకే.

హైదరాబాద్ వచ్చాక బుర్ర విషయంలో తిప్పలు పడ్డాను. అది మన సొరకాయ జాతే, ఎండబెట్టి తొలిచినది. మన తాతలు పొలానికి నీళ్లు పట్టుకెళ్లిన సొరబుర్ర లాంటిదే, చిన్నది. అక్కడ రోజూ ఆరిపోయేది. ఇక్కడ జులై ముసురుకి రాత్రికి రాత్రే బూజు పట్టింది. ఇప్పుడు గాజు గ్లాసు వాడుతున్నాను. సిరియా, లెబనాన్‌వాళ్లు కూడా చిన్న గాజు గ్లాసులోనే తాగుతారు కాబట్టి సంప్రదాయం చెడిందన్న బాధ కూడా లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన చవక గొట్టానికి పూత కొన్ని నెలల్లోనే ఊడింది, అమ్మినవాడు పలకలేదు. డబ్బులు పెట్టేదేదో మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం మీద పెట్టండి, అడుగు విప్పి కడగడానికి వీలుండాలి.

మే నెలలో నేను వేడి మాతే జోలికే పోను. పరాగ్వేవాళ్ల తెరెరే తాగుతాను, ఆకు మీద ఐసు నీళ్లు పోసేది. అందులో వాళ్లు దంచిన మూలికలు వేస్తారు. ఆ సంప్రదాయాన్ని యునెస్కో 2020లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పుదీనా, నిమ్మగడ్డి మన దగ్గరా దొరికేవే. నిజం చెప్పాలంటే మన ఎండలకి ఇదే సరైనది, పైగా వేడి భయం లేదు. మా ఇంట్లో మిగతావాళ్లు అడిగి తాగింది కూడా ఇదొక్కటే.

ధర మాత్రం ఎక్కువే. కిలో మాతే డబ్బులకి మంచి అస్సాం టీ మూడు కిలోలొస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు అర కిలో ప్యాకెట్ చాలు, ప్యాకింగ్ తేదీ చూసుకుని పుల్లలున్న రకం తీసుకోండి. విప్పాక గాలి దూరని డబ్బాలో పెట్టకపోతే వానాకాలంలో వాసన పోతుంది. బీపీ, అల్సర్, నిద్ర సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగాకే కొనండి.