ఒక్క యంత్రానికే చోటుంటే: బ్యాండ్‌సా మేలా, టేబుల్ సా మేలా?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో యంత్రాల దుకాణానికి వెళ్ళి బ్యాండ్‌సా కావాలంటే, పక్కనున్న టేబుల్ సాను కూడా చూపించి "రెండూ కోసేవే సార్, మీ ఇష్టం" అంటారు. బ్యాండ్‌సాలో సన్నని పట్టీ లాంటి బ్లేడు పైనొకటి, కిందొకటి ఉన్న రెండు చక్రాల మీద తిరుగుతుంది; టేబుల్ సాలో గుండ్రటి బ్లేడు బల్ల మధ్యలోంచి పైకి లేచి తిరుగుతుంది. అమ్మేవారికి ఆ తేడాతో పని లేదు. కొనేవారికి మాత్రం ఉంది, ముఖ్యంగా ఇంటి కింద షట్టరులోనో, మేడ మీద రేకుల షెడ్డులోనో ఒక్క పెద్ద యంత్రానికే చోటూ డబ్బూ ఉన్నవారికి.

తీర్పు ముందే చెప్పేస్తాను. టేకు, వేప, మామిడి లాంటి అసలు కలపతో కుర్చీలు, పెట్టెలు, తలుపు చెక్కలు చేసేవారు బ్యాండ్‌సా కొనాలి. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును అతికించి చేసే) పలకలతో అల్మరాలు, వంటింటి అరలు చేసేవారు టేబుల్ సా కొనాలి. హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్లకు జరిగే పని ఎక్కువగా ఈ రెండో రకమే కాబట్టి బ్యాండ్‌సా అందరికీ అవసరమని నేను వాదించను. అయితే "బ్యాండ్‌సాతో ప్రమాదం ఉండదు, అందుకే కొత్తవారికి మంచిది" అనే మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. సరిగ్గా బిగించని బ్యాండ్‌సా, బాగా బిగించిన టేబుల్ సా కంటే ఏ మాత్రం నమ్మదగినది కాదు.

టేకుతో మొదలుపెడదాం, జేబుకు తగిలేది అదే కనుక. ముషీరాబాద్ కలప డిపోల్లో టేకును సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన కొంటాం. పొట్టుగా రాలిపోయే చెక్కకూ అదే ధర కడతాం. టేబుల్ సా బ్లేడు ఒక్కో కోతకు సుమారు 3 మిల్లీమీటర్ల కలప తినేస్తుంది. బ్యాండ్‌సా బ్లేడుకు దాదాపు 1 మిల్లీమీటరు చాలు. 50 మిల్లీమీటర్ల మందం ఉన్న దిమ్మను 6 మిల్లీమీటర్ల పలకలుగా చీల్చాలనుకోండి. టేబుల్ సా మీద అయిదు వస్తాయి, ఆరోదానికి ఒక్క మిల్లీమీటరు చాలకుండా పోతుంది. బ్యాండ్‌సా మీద ఏడు వస్తాయి. బ్యాండ్‌సా కోత గరుకుగా ఉంటుంది కాబట్టి చిత్రిక కొంచెం ఎక్కువే పట్టాలి, అది కూడా కలుపుకుని మందంగా కోసుకున్నా ఒక పలక మిగులుతుంది. పైగా 10 అంగుళాల బ్లేడున్న టేబుల్ సా 80 మిల్లీమీటర్ల లోతుకు మించి కోయలేదు. అంతకంటే వెడల్పు పలకను చీల్చాలంటే ఒకవైపు కోసి, తిరగేసి రెండోవైపు కోయాలి. 14 అంగుళాల (చక్రం వ్యాసం) బ్యాండ్‌సా 150 మిల్లీమీటర్ల వరకు ఒకే ఊపులో చీలుస్తుంది.

వంపుల విషయంలో పోటీయే లేదు. టేబుల్ సా తిన్నగా కోయడానికే పుట్టింది. బ్యాండ్‌సాలో పావు అంగుళం వెడల్పు బ్లేడు వేస్తే సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరుగుతుంది. అర అంగుళం బ్లేడుకు 64 మిల్లీమీటర్లు కావాలి. కుర్చీ వెనక కాళ్ళు, ఉయ్యాల బల్ల అంచులు, దేవుడి మందిరం తోరణం, ఇవన్నీ దీని పనులే.

ఇక ప్లైవుడ్. ఎనిమిదడుగుల పలకను 14 అంగుళాల బ్యాండ్‌సా మీద సగానికి కోయలేరు. బ్లేడుకూ వెనక స్తంభానికీ మధ్య ఉండే ఖాళీ 13 అంగుళాలకు కొంచెం అటూ ఇటుగా ఉంటుంది, అంతే. లామినేటు అంచు కూడా చిట్లుతుంది. 60 లేదా 80 పళ్ళ మంచి బ్లేడు వేసిన టేబుల్ సా అదే పలకను అద్దంలా కోస్తుంది. ఈ పనే మీ జీవనాధారమైతే ఇక ఆలోచించకండి.

ఇప్పుడు ప్రమాదం సంగతి. 10 అంగుళాల టేబుల్ సా బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని పళ్ళు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. బ్యాండ్‌సా బ్లేడు నిమిషానికి సుమారు 900 మీటర్లు పరుగెడుతుంది, అంటే అందులో మూడో వంతు కూడా ఉండదు. అసలు తేడా వేగంలో కంటే దిశలో ఉంది. టేబుల్ సాలో బ్లేడు వెనక భాగంలోని పళ్ళు పైకి లేస్తూ మీ వైపు తిరుగుతాయి. చెక్క కొంచెం వంకరపోయి ఫెన్సుకూ (చెక్కను ఆనించి తోసే తిన్నని పట్టీ) బ్లేడుకూ మధ్య ఇరుక్కుంటే, ఆ పళ్ళు దాన్ని ఎత్తి మీ పొట్టకేసి విసురుతాయి. చెక్కతో పాటు చెయ్యి కూడా బ్లేడు మీదికి లాక్కుపోవచ్చు. దీన్ని ఆపడానికే బ్లేడు వెనక రైవింగ్ నైఫ్ అనే ఉక్కు రేకు ఉంటుంది. కోసిన సందు మూసుకుపోకుండా అది అడ్డం నిలబడుతుంది. బ్యాండ్‌సా బ్లేడు ఎప్పుడూ కిందికే లాగుతుంది, చెక్కను బల్లకేసి నొక్కుతుంది. వెనక్కి విసరడమనే సమస్య దానికి లేదు.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. మన సైట్లలో మార్బుల్ కట్టరును తిరగేసి, ప్లైవుడ్ ముక్క కింద బిగించి, దానికి చెక్క బ్లేడు వేసి, స్విచ్చిని తాడుతో కట్టేసి టేబుల్ సా అని పిలుస్తుంటారు. దానికి గార్డు లేదు, రైవింగ్ నైఫ్ లేదు, ఆపాలంటే తాడు విప్పాలి లేదా ప్లగ్గు లాగాలి. ఈ పోలికలో దానికి చోటు లేదు. అది కొనుక్కోవడం కంటే చేతి రంపంతో కోయడం నయం.

మరి బ్యాండ్‌సా వల్ల వేళ్ళు ఎలా పోతాయి? అది మెత్తగా, దాదాపు చప్పుడు లేకుండా పని చేస్తుంది. మనిషి ఏమరుతాడు, బొటనవేలు గీత మీదికి జరుగుతుంది. కోత చివరికొచ్చేసరికి చెక్క అడ్డు ఒక్కసారిగా తొలగిపోతుంది, తోస్తున్న బలమంతా వేలిని ముందుకు తీసుకెళ్తుంది. మాంసం కోసే దుకాణాల్లో ఎముకలు కోయడానికి వాడేదీ ఇదే జాతి యంత్రం. అందుకని చివరి నాలుగు అంగుళాలు తోపుడు కర్రతోనే తోయాలి, చేతులు బ్లేడు గీతకు రెండు పక్కలా ఉండాలి, సూటిగా ఎప్పుడూ ఉండకూడదు. గుండ్రటి కర్రను ఊరికే బల్ల మీద పెట్టి కోయకూడదు. బ్లేడు దాన్ని గిర్రున తిప్పేస్తుంది, పట్టుకున్న చెయ్యి దాంతో పాటే పోతుంది. వి ఆకారంలో గాడి చేసిన దిమ్మలో పడుకోబెట్టి కోయాలి. స్విచ్చి ఆపాక కూడా బ్లేడు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు లేదు కదా అని ముక్క తీయబోయేవారు ఆ సంగతి మరచిపోతారు.

చేతి తొడుగులు రెండు యంత్రాల దగ్గరా వద్దు, అవి పళ్ళకు చిక్కుకుంటాయి. ఉంగరాలు, కడియం, గుడిలో చేతికి కట్టించుకున్న కంకణం, వేలాడే చున్నీ, లుంగీ కొంగు కూడా అంతే. ప్లగ్గు తీసేసి బ్యాండ్‌సా బ్లేడు మార్చేటప్పుడు మాత్రం తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. చుట్ట చుట్టిన బ్లేడు కట్టు విప్పగానే పాములా ఎగిరి విచ్చుకుంటుంది.

బ్యాండ్‌సా బిగించడం దగ్గర కాస్త ఆగుతాను. టేబుల్ సాను ఒకసారి సరిచేస్తే, బ్లేడు ఫెన్సుకు సమాంతరంగా ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకుంటే చాలు. బ్యాండ్‌సాను బ్లేడు మార్చిన ప్రతిసారీ సరిచేయాలి. దీనికి ఓపిక లేనివారికి టేబుల్ సాయే మేలు, నిజంగా.

ముందు ప్లగ్గు తీయండి. బ్లేడును రెండు పక్కలా పట్టి ఉంచే గైడ్లనూ, అది వెనక్కి జరగకుండా ఆపే వెనక బేరింగునూ దూరంగా జరపండి. బ్లేడు పళ్ళు మీ వైపు, కొనలు కిందికి ఉండేలా చక్రాల మీద ఎక్కించండి. పళ్ళు పైకి కనబడితే బ్లేడును లోపలి వైపు బయటికి తిరగేయాలి. ఇప్పుడు బిగువు పెంచండి. చిన్న యంత్రాల మీద ఉండే టెన్షన్ గుర్తులను నేను నమ్మను. గైడును ఆరంగుళాల ఎత్తుకు లేపి, బ్లేడును పక్క నుంచి వేలితో నొక్కితే పావు అంగుళం లోపల వంగాలి. అంతకంటే ఎక్కువ వంగితే కోత మధ్యలో పొట్ట ఉబ్బుతుంది.

తర్వాత ట్రాకింగ్, అంటే బ్లేడు చక్రాల మీద పక్కకు జారకుండా నడిచేలా చూడటం. పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూడండి. చక్రం మీది రబ్బరు మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, బ్లేడు ఆ ఉబ్బు మీదికి ఎక్కి అక్కడే నిలవాలి. వెనక్కి జారుతుంటే పై చక్రం వంపు మార్చే మరను పావు చుట్టు తిప్పండి, మళ్ళీ చక్రాన్ని తిప్పి చూడండి. బ్లేడు కదలడానికి ఒకటి రెండు చుట్లు పడుతుంది. తొందరపడి మరను మరింత తిప్పితే అది అటువైపు వెళ్ళిపోతుంది. కుదిరిందనుకున్నాక పది చుట్లు తిప్పి అప్పుడు నమ్మండి. మోటారుతో తిప్పి ట్రాకింగ్ చూసే అలవాటు ఎవరికైనా ఉంటే, వారి పక్కన నిలబడకండి.

గైడ్లను బ్లేడుకు రెండు పక్కలా ఒక కాగితం మందం సందుతో బిగించాలి. కాగితాన్నే మధ్యలో పెట్టి బిగించి లాగేస్తే లెక్క సరిపోతుంది. గైడు ముందంచు పళ్ళ మధ్య గుంటలకు కాస్త వెనకే ఉండాలి. ముందుకొస్తే పళ్ళ పదును గైడు తినేస్తుంది. వెనక బేరింగు ఖాళీగా తిరిగేటప్పుడు బ్లేడును తాకకూడదు, చెక్క తోయగానే తాకాలి. అర మిల్లీమీటరు లోపు సందు చాలు. చివర మూలమట్టం బల్ల మీద నిలబెట్టి బ్లేడుకు ఆనించి 90 డిగ్రీలు చూసుకోండి.

పై గైడ్లు బిగించి ఉన్న స్తంభాన్ని కోసే చెక్కకు పైన 6 మిల్లీమీటర్ల దూరంలోకి దించాకే కోత మొదలుపెట్టాలి. భద్రత పరంగా ఈ ఒక్కటీ చేస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే బయటికి కనబడే బ్లేడు తగ్గుతుంది, వంకరపోవడమూ తగ్గుతుంది. చాలామంది దీన్ని ఒకసారి పైకి లేపి అలాగే వదిలేస్తారు.

చీల్చే పనికి అంగుళానికి మూడు నాలుగు పళ్ళ బ్లేడు, మామూలు పనికి ఆరు నుంచి పది. ఎంత సన్నని ముక్కయినా కనీసం మూడు పళ్ళు చెక్కలో ఉండాలి. వంపు కోతలో మధ్యలో ఇరుక్కుంటే యంత్రం తిరుగుతుండగా చెక్కను వెనక్కి లాగకండి, బ్లేడు చక్రాల మీంచి ఊడి వస్తుంది. ఆపి తీయండి. "టిక్ టిక్" అని లయగా చప్పుడొస్తే బ్లేడులో పగులు మొదలైందన్నమాట, వెంటనే ఆపాలి.

దుమ్ము రెండింటిదీ. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. టేకు పొట్టు కొందరికి చర్మం మీద దురద కూడా తెస్తుంది. చేతిరుమాలు చాలదు, బిగువుగా పట్టే మాస్కు కావాలి.

బ్యాండ్‌సాకు వ్యతిరేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది, అమ్మేవారు చెప్పరు. చెక్క ఆధారిత పరిశ్రమల మీద కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కోసిన కలపతోనో ప్లైవుడ్‌తోనో పని చేసే యూనిట్లకు లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. అయితే అది బ్యాండ్‌సా గాని, 30 సెంటీమీటర్లకు మించిన వృత్తాకార రంపం గాని వాడనివారికి. 10 అంగుళాల టేబుల్ సా బ్లేడు 25 సెంటీమీటర్లే కాబట్టి ఆ గీతకు లోపలే ఉంటుంది. డబ్బు తీసుకుని పని చేసేవారు బ్యాండ్‌సా కొనేముందు తమ ప్రాంతపు అటవీ రేంజి కార్యాలయంలో ఒకసారి అడిగి, మాట కాగితం మీద తీసుకోవడం మంచిది.

అమెరికా నుంచి బంధువులు పంపే యంత్రం గురించి కూడా. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్; మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సరిచేస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చలేదు. బ్యాండ్‌సాలో ఉండే ఇండక్షన్ మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. చేత్తో మోసుకెళ్ళే చిన్న టేబుల్ సాల్లో సాధారణంగా బ్రష్‌లున్న మోటారు ఉంటుంది, దానికి హెర్ట్జ్‌తో పేచీ లేదు.

బ్యాండ్‌సాకే మొగ్గితే, 9, 10 అంగుళాల బల్ల మీది రకాన్ని చిన్న బొమ్మల పనికి తప్ప తీసుకోకండి. అర అంగుళం బ్లేడును బిగువుగా లాగితే దాని చట్రమే వంగుతుంది, అప్పుడు టేకు చీల్చే లాభమంతా పోతుంది. 14 అంగుళాలది, ఒక హార్స్‌పవరు మోటారుతో, ఇంటి సింగిల్ ఫేజ్ మీదే నడుస్తుంది.

డబ్బు కట్టేముందు దుకాణంలోనే యంత్రానికి కరెంటు పెట్టించి, బల్ల మీద అయిదు రూపాయల బిళ్ళను అంచు మీద నిలబెట్టండి. మంచి యంత్రం మీద అది నిలబడుతుంది. పడిపోతే చక్రాల తూకం బాగోలేదు, లేదా బ్లేడు అతుకు సరిగ్గా లేదు. బ్లేడు మార్చి మళ్ళీ చూపించమనండి. ప్లగ్గు పెట్టడానికి ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి వెళ్ళండి, ఆ వీధిలో వాటికేమీ కొరత లేదు.