సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి: నేరుగానా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా?

గ్లోబ్ మీద అతి దగ్గరి గీత గీస్తే సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి దాదాపు 15,350 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్తే మొదటి అంచె సుమారు 10,300, రెండోది 6,200. కలిపితే 16,500. అంటే పెరిగేది 1,150 కిలోమీటర్లే, జెట్ విమానానికి గంటన్నర కూడా పట్టని దూరం.

కానీ నేరుగా వెళ్తే 18 గంటల పైచిలుకు, ఆగి వెళ్తే దాదాపు 24. మిగతా టైమ్‌లో చాలా భాగం ఈ ఆగడంలోనే పోతుంది. విమానం ఎత్తు తగ్గాలి, రన్‌వే నుంచి గేటు దాకా రావాలి, ఇంధనం నింపుకోవాలి, మళ్లీ పైకెక్కాలి. పైగా అట్లాంటిక్ మీద పడమరకి వెళ్లేటప్పుడు ఎదురుగాలి. నేరుగా వెళ్లే విమానం చాలాసార్లు పసిఫిక్ మీదుగా తూర్పుకి తిరుగుతుంది. దారి పొడవైనా వెనక నుంచి గాలి తోస్తుంది కాబట్టి లాభమే. అందుకే కిలోమీటర్లు చూసి గంటలు లెక్కేయకండి.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ నేరుగా నడిపే ఏ350-900 యూఎల్ఆర్‌లో (చాలా దూరం ఆగకుండా ఎగిరే ఎయిర్‌బస్ విమానం) ఎకానమీ సీట్లే లేవు, బిజినెస్, ప్రీమియం ఎకానమీ మాత్రమే. డబ్బు చూసుకునేవాళ్లకి ఫ్రాంక్‌ఫర్టే దారి.

ఖర్చు పక్కనపెడితే, కనెక్షన్ టెన్షన్ లేని నేరు ప్రయాణానికే నా ఓటు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి కాస్త నడిపించడమే మంచిది. అన్ని గంటలు ఒకే సీట్లో కూర్చుంటే కాళ్లు వాచిపోతాయి.