విశాఖలో అల ఎక్కడ, బస ఎక్కడ

విశాఖలో సర్ఫింగ్ అంటే ఎవరిని అడిగినా రుషికొండ పేరే చెబుతారు. అందులో తప్పేమీ లేదు. అడుగున ఇసుక, ఒడ్డున బోర్డులు అద్దెకిచ్చేవాళ్లు, నేర్పేవాళ్లు, పడినా తల పగలదు. మేం మాత్రం ఈసారి రాళ్ల మీద విరిగే అలల కోసం వెళ్లాం. మేమంటే నేనూ, మా బావమరిదీ. వాడికి చెన్నై దగ్గరి కోవళంలో బాగా అలవాటుంది. నాకు బోర్డు మీద నిలబడటం వచ్చు గానీ, రాళ్ల దగ్గర ఒడ్డున కూర్చుని చూడటమే ఎక్కువ ఇష్టం. కాబట్టి ఇక్కడ రాసింది సగం నీళ్లలోంచి, సగం గట్టు మీంచి చూసింది.

రీఫ్ బ్రేక్ (నీటి అడుగున గట్టి దిబ్బ మీద అల విరిగే చోటు) అనగానే పగడపు దిబ్బలు ఊహించుకోకండి. విశాఖలో ఉన్నది కొండరాయి. తూర్పు కనుమల గుట్టలు సముద్రం దాకా వచ్చి నీళ్లలోకి దిగిన చోటల్లా రాతి పలకలు, బండలు మిగిలాయి. ఇసుక మీద విరిగే అల తుపానుకో తీరు, సీజన్‌కో తీరు మారుతుంది, ఎందుకంటే కింద ఇసుకే జరిగిపోతుంది. రాయి కదలదు. ఒకే దిక్కు నుంచి, ఒకే ఎత్తు నీటి మీద వచ్చే అల ఇవాళైనా, వచ్చే ఏడాదైనా అదే చోట విరుగుతుంది. అందుకే రాళ్ల అలని చదువుకోవచ్చు. చదవకుండా దిగితే మాత్రం మోకాళ్లు, మోచేతులు అప్పజెప్పాల్సిందే.

వెళ్లింది రోహిణి కార్తెలో. ఎండకి రోళ్లు పగిలే రోజుల్లో ఎవరైనా విశాఖ వెళ్తారా అని ఇంట్లో అందరూ అన్నారు. అలల కోసమైతే అదే మంచి అదను. ఏప్రిల్ నుంచి దక్షిణ హిందూ మహాసముద్రంలో శీతాకాలపు తుపాన్లు మొదలవుతాయి. అక్కడ పుట్టిన పొడవాటి అలలు రోజుకి సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లు నడిచి, వారం పైచిలుకుకి బంగాళాఖాతంలోకి వస్తాయి. అయితే ఇక్కడో చిక్కుంది. మ్యాపు తీసి విశాఖ నుంచి దక్షిణానికి గీత గీస్తే, ఆ గీతకి కాస్త పడమరగా శ్రీలంక ఉంటుంది. నైరుతి నుంచి వచ్చే అలల్లో చాలా భాగం ఆ నీడలోనే చచ్చిపోతుంది. సరిగ్గా దక్షిణం నుంచి, లేదా కొద్దిగా ఆగ్నేయం నుంచి వచ్చేవే మనకి సూటిగా తగులుతాయి. అలల అంచనా చెప్పే యాప్‌లో 'రెండు మీటర్లు' అని కనబడగానే బోర్డు సర్దేవాళ్లు ఈ దిక్కు అన్న గడి కూడా చూడాలి.

దిక్కు తర్వాత చూడాల్సింది ఎత్తు కాదు, వ్యవధి. అంటే ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సెకన్లు. ఏడు సెకన్ల అల దగ్గర్లోని గాలికి పుట్టింది. పొడవు డెబ్బై ఎనభై మీటర్లకు మించదు, ఒడ్డుకొచ్చేసరికి చిందరవందర. పద్నాలుగు సెకన్ల అల లోతు నీళ్లలో మూడు వందల మీటర్ల పొడవుంటుంది. ఒడ్డుకి చాలా దూరంలోనే దానికి అడుగు తగులుతుంది, అక్కడి నుంచీ మెల్లగా వంగి, ముందుకు పొడుచుకొచ్చిన రాతి కొనల మీదకే బలమంతా తెచ్చి పోస్తుంది. మీటరు ఎత్తున్నా పద్నాలుగు సెకన్లదైతే రాయి దగ్గర తల ఎత్తుకి లేస్తుంది. మీటరున్నర ఎత్తుతో ఏడు సెకన్లదైతే, నన్నడిగితే, ఆ పూట టిఫిన్ మీద శ్రద్ధ పెట్టడం మేలు.

మొదటి బస బీచ్ రోడ్డు మీద, ఆర్కే బీచ్‌కి ఎదురుగా ఒక హోటల్. కిటికీ తీస్తే సముద్రం, కింద కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం ముంత మసాలా. కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి. అలల కోసం వెళ్లినవాళ్లకి మాత్రం ఇది దండగ బస. దక్షిణం వైపు యారాడ కొండ, అదే డాల్ఫిన్స్ నోస్, అడ్డంగా ఉండటంతో ఆ వైపు నుంచి వచ్చే అల ఇక్కడికి సగం బలంతోనే వస్తుంది. పైగా ఒడ్డు ఏటవాలు, అల ఒక్కసారిగా దబ్బున కూలుతుంది. వెనక్కి లాగే ప్రవాహాలకి ఈ బీచ్ పేరుమోసింది, ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చూస్తూనే ఉంటాం. రెండు పక్కలా నురగ లేచి మధ్యలో ఒక్కచోట అల విరగకుండా, నీళ్లు మట్టి రంగులో నున్నగా కనబడితే అది దిగడానికి అనువైన చోటు కాదు, లాగేసే చోటు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు. తీరం వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి.

అందుకే బస మార్చాం. లాసన్స్ బే దాటి జోడుగుళ్లపాలెం వైపు, ఒక ఇంటి పై అంతస్తు. ఏసీ మోత ఎక్కువ, గోడలకి ఉప్పు గాలి పెచ్చులు, కానీ తలుపు తీసి నడిచి వెళ్తే టెన్నేటి పార్కు రాళ్లు. నా లెక్కలో సర్ఫింగ్ బసకి ఒకటే కొలత: తెల్లవారుజామున ఐదింటికి ఆటో కోసం వెతకకుండా నీటి దగ్గరికి చేరగలమా లేదా. ఈ ఇల్లు ఆ పరీక్ష నెగ్గింది. రెండో పరీక్ష, ఉప్పునీటి బోర్డు, బట్టలు కడుక్కోవడానికి ఆరుబయట కుళాయి. అదీ ఉంది. ఇంటావిడ 'ఇసక లోపలికి తేకండి బాబూ' అని రోజూ చెప్పేది, రోజూ మేమే తుడిచేవాళ్లం.

ఐదింటికే ఎందుకంటే గాలి. రాత్రంతా నేల చల్లబడి, తెల్లవారేసరికి గాలి పడమటి నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎదురుగాలికి అల ముఖం నున్నగా, నిటారుగా నిలబడుతుంది. ఎండ ముదిరేసరికి సముద్రపు గాలి తిరగబడుతుంది. మధ్యాహ్నానికి నైరుతి గాలి తీరం వెంబడి ఈడ్చి కొడుతుంది, నీటి మీదంతా తెల్ల గుర్రాల్లా నురగలే. మే నెలలో అలకి దొరికేది తెల్లారి ఆ కాసిన్ని గంటలే.

ఇక టెన్నేటి పార్కు. కైలాసగిరి కింద, రోడ్డు పక్కన పార్కు, కింద రాళ్లు. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ సరుకు నౌక ఎంవీ మా కొట్టుకొచ్చి ఎక్కి కూర్చున్నది ఈ రాళ్ల మీదే. అంత ఓడని పట్టి ఆపిన రాళ్లు మనిషిని ఏం చేస్తాయో వేరే చెప్పాలా. మెట్ల దగ్గర కూర్చుని చూశాం. చాలాసేపు ఏమీ ఉండదు, సముద్రం చెరువులా పడి ఉంటుంది. తర్వాత దూరంగా ఒక నల్లటి గీత, దాని వెనక ఇంకోటి. మొదటి అల రాకముందే రాళ్ల మధ్య నీళ్లు వెనక్కి జారిపోతాయి. అప్పటిదాకా కనబడని బండ ఒకటి వీపు బయటపెడుతుంది, దాని మీద పచ్చటి నాచు, అంచుల్లో తెల్లగా అంటుకున్న గుల్లలు. జారే నీటితో పాటు గులకరాళ్లు దొర్లి చేటలో బియ్యం చెరిగినట్టు చప్పుడు. అంతలో అల సరిగ్గా ఆ బండ ముందు లేచి, పలకలా వంగి విరుగుతుంది. మావాడు పక్కన లెక్కపెడుతున్నాడు, 'పన్నెండు, పదమూడు... బావా, ఇదిగో వచ్చింది.' అలా ఐదారు వచ్చి, మళ్లీ చెరువు.

ఆ పూట నీళ్లు తక్కువగా ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా బోర్డు చూసి, 'ఆ రాయి నల్లగా అగుపడతన్నప్పుడు దిగకండి బాబూ, పోటెక్కాక దిగండి' అన్నారు. మేం ఫోన్‌లో చూసుకున్న సమాచారమంతా ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. విశాఖలో పోటుకీ పాటుకీ మధ్య తేడా అమావాస్య, పౌర్ణమి వేళల్లో కూడా దాదాపు మీటరున్నరే. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. కానీ రాయి మీద ఉండేదే మీటరు నీళ్లయితే ఆ తేడా ప్రాణం మీదకి తెస్తుంది. అష్టమి, నవమి ప్రాంతంలో పోటుపాట్ల తేడా బాగా తగ్గుతుంది, అలలు పొద్దంతా ఒకే తీరున ఉంటాయి. కొత్త రాయిని తెలుసుకోవడానికి ఆ తిథులే మంచివి. పోటు వేళ రోజుకి ముప్పావు గంట పైన వెనక్కి జరుగుతుంది కాబట్టి, తెల్లవారి గాలీ, నిండు పోటూ కలిసొచ్చే రోజులు పక్షానికి కొన్నే ఉంటాయి. టికెట్లు బుక్ చేసేముందు క్యాలెండర్‌లో తిథి చూసుకోమని చెప్పేది అందుకే.

పోటెక్కాక మావాడు దిగాడు. మంచి అలలు దొరికాయి, ఎడమ మోచేతికి గుల్లల గీతలు కూడా దొరికాయి. గుల్ల కోసిన గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మంచినీళ్లతో బాగా కడిగి, లోపల ముక్కలు లేవని చూసుకుని, టీటీ ఇంజక్షన్ వేయించుకోవాలి. కాళ్లకి రబ్బరు బూట్లు, తలకి హెల్మెట్ లేకుండా ఇక్కడ దిగడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ లైఫ్‌గార్డులు ఎవరూ కనబడలేదు, ఒంటరిగా దిగే చోటు అసలు కాదు.

రుషికొండకి ఒక పూట వెళ్లాం. 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, పొందిన బీచ్, కాబట్టి బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు, హద్దుల జెండాలు ఉన్నాయి. అద్దె బోర్డుల నాణ్యత మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. మాకు మొదట చూపించిన బోర్డుకి ఫిన్, అంటే అడుగునుండే రెక్క, వదులుగా ఊగుతోంది, కాలికి కట్టే తాడు అతుకుల మీద ఉంది. అడిగితే 'ఏం కాదు సార్' అన్నారు. ఇసుక మీద ఏం కాకపోవచ్చు. రాళ్ల దగ్గరికి మాత్రం సొంత బోర్డు, సొంత తాడు తెచ్చుకోవాల్సిందే. నేర్చుకునేవాళ్లకి వేరే ఆలోచన అక్కర్లేదు, ఇక్కడే మొదలుపెట్టండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, జనంలో బోర్డు తిప్పే చోటుండదు.

మా యాత్రలో పసందైన చోటు మంగమారిపేట. రుషికొండ దాటి భీమిలి రోడ్డులో, తొట్లకొండ బౌద్ధ క్షేత్రానికి కింద. ఫొటోల్లో కనబడే సహజ శిలాతోరణం ఇక్కడిదే. ముందు తొట్లకొండ ఎక్కి చూడండి. పైనుంచి అలల వరసలు ఎటు నుంచి వస్తున్నాయో, ఏ రాయి దగ్గర వంగుతున్నాయో గీసినట్టు కనబడతాయి. తీరంలో రాతి పలకలు వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి, మధ్య మధ్య ఇసుక సందులు. ఆ సందుల్లోంచే లోపలికి వెళ్లాలి, వాటిలోంచే బయటికి రావాలి. పాటు వేళ పలకల మీద నడిచి, దారి గుర్తుపెట్టుకుని, పోటు వేళ దిగితే పని సులువు. పలకల మీద గుంటల్లో చిన్న పీతలు, సముద్రపు పుష్పాలు అనే పువ్వులాంటి జీవులు, నత్తలు ఉంటాయి. తొక్కకుండా నడవండి. టెన్నేటి పార్కు కంటే అల మెత్తన, విరిగాక కాస్త దూరం పరుగు తీస్తుంది. మావాడు నీళ్లలోంచి రానంటే రానన్నాడు.

ఈ వైపు ఉండాలని రోడ్డు మీద ఒక రిసార్టులో దిగాం. గది బాగుంది, ఈతకొలను బాగుంది, గేటు మాత్రం ఆరింటికి గానీ తీయరట. ముందు రోజే చెప్పినా కాపలాదారు తాళం మేనేజర్ దగ్గరుందన్నాడు. అలకి వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడే ఈ ముక్క అడగండి. టిఫిన్‌కి గ్రామం కూడలిలో బండి దగ్గర ఇడ్లీ, అల్లం పచ్చడి చాలు. చేపల కోసం వెళ్తే మాత్రం తేదీ చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. తెప్పల మీద తెచ్చినవే తాజావి, ధర అందుకు తగ్గట్టే ఉంటుంది. వంజరం వేపుడు మీద ఆశ వదులుకుని రొయ్యల కూరతో సరిపెట్టుకున్నాం.

రాకపోకలకి ఆర్టీసీ 900కే బస్సు భీమిలి దాకా వెళ్తుంది, కానీ బోర్డుతో ఎక్కడం కుదరని పని. ఆటోవాళ్లు బోర్డు చూడగానే రేటు పెంచుతారు. రోజుకి కారు మాట్లాడుకోవడం నయం, పైన కట్టడానికి పట్టీలు మీవే తీసుకెళ్లండి. యారాడకి వెళ్లాలన్నా కారే దిక్కు. కొండ అవతల, దక్షిణానికి తెరిచి ఉన్న బీచ్ కాబట్టి మిగతాచోట్ల అల లేని రోజున కూడా అక్కడ ఉంటుంది, అదే రీతిలో లాగుడూ ఉంటుంది. అందం చూసి మోసపోయి లోతుకి వెళ్లకండి.

వాతావరణం కోసం రెండు మాటలు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార కేంద్రం) అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు ఉచితంగా ఇస్తుంది. గాలి లేకుండానే, ఎండ కాస్తుండగానే పెద్ద అలలు వచ్చే రోజులని అది ముందే చెబుతుంది. రెండోది, విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వింటే బోర్డు గదిలోనే ఉంచాలి. జూన్ రెండో వారం నుంచి వానలు, గాలి. అలలు పెద్దవే గానీ తెల్లారి కూడా నున్నగా ఉండవు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదకే వచ్చింది, ఆ నెలలకి ముందస్తు బుకింగ్ చేసుకోవాలంటే నాకు టెన్షన్. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సముద్రం నెమ్మదిస్తుంది, ఈశాన్యం నుంచి చిన్న చిన్న అలలే వస్తాయి. రాళ్ల మీద ఏమీ ఉండదు. ఆ నెలల్లో పిల్లలతో వెళ్లి రుషికొండలో బోర్డు మీద నిలబడటం నేర్పించి, మధ్యాహ్నం ఎర్రమట్టి దిబ్బలు చూసి, భీమిలి దీపస్తంభం దగ్గర సాయంత్రం గడపవచ్చు.