సెల్ఫ్ మోటారు విప్పకుండానే లోపం పట్టుకున్న ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

మా లారీ 2006 మోడల్, రెండు బ్యాటరీల మీద నడిచే 24 వోల్టుల బండి. పోయిన వేసవి నుంచి దాని ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారుతో నానా అవస్థ పడ్డాం. తెల్లవారుజామున ఒక్క తిప్పుకే అందుకునే ఇంజను, నున్న మామిడి మార్కెట్ దగ్గర వరుసలో ఆపి మళ్లీ కదిలించబోతే టిక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. నాలుగైదుసార్లు తాళం తిప్పాక, ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. కాయ లోడుతో ఉన్న బండిని తోసి స్టార్ట్ చేయడం అయ్యే పని కాదు గనుక, సీజనంతా ఇంజను ఆపకుండా డీజిలు కాల్చుకున్నాం.

అంతకుముందు ఒకచోట ఆ మోటారులోని కార్బన్ బ్రష్షులు, మరొకచోట దానికి కరెంటు కలిపే సోలినాయిడ్ స్విచ్చి మార్చారు. రెండుసార్లూ వారం పది రోజులు బాగానే ఉండి మళ్లీ మొదటికొచ్చింది.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఎలక్ట్రికల్ షాపుకు తీసుకెళ్లాం. ఆయన స్పానర్ పట్టుకోకముందే, "టిక్కు ఒక్కటేనా, టకటకా వరసగా కొడుతోందా? ఆ సమయంలో హెడ్‌లైట్లు మసకబారుతున్నాయా?" అని అడిగారు. చప్పుడు ఒక్కటేనని, లైట్లు తగ్గడం లేదని చెప్పగానే, బ్యాటరీలో బలం ఉంది గానీ అది మోటారుకు అందడం లేదన్నారు. మోటారు విప్పి చూడమని నేను తొందరపెట్టినా ఒప్పుకోలేదు. ఇంజను వేడెక్కించి, ఆపి, మళ్లీ సెల్ఫ్ కొడుతూ, లోపం తన కళ్ల ముందు కనిపించేదాకా దాదాపు రెండు గంటలు ఓపిక పట్టారు. అన్నిటికంటే నాకు నచ్చింది ఆ ఓపికే.

బండి మొరాయించిన క్షణంలో వోల్టు మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించారు. ఒక వోల్టు దాటకూడని చోట తొమ్మిది చూపించింది, అంటే కరెంటు తిరిగొచ్చే దారిలోనే అడ్డు ఉందన్నమాట. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి, మోటారు లాగే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే బండి చట్రానికీ (ఛాసిస్) ఇంజనుకూ మధ్య ఉండే రాగి ఎర్త్ పట్టీయే దారి. దాన్ని విప్పి చేతిలో వంచగానే, పచ్చటి చిలుము పట్టిన రాగిపోగులు పుటుక్కున తెగి అరచేతిలో రాలాయి. మోటారు విప్పి బిగించిన ప్రతిసారీ ఈ పట్టీ కదిలి, మిగిలిన పోగులు కాస్త సర్దుకోవడం వల్లే కొన్నాళ్లు బాగుపడినట్టు కనిపించిందని వివరించారు.

కొత్త పట్టీ వేసేముందు ఛాసిస్ మీది పెయింటును మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూశారు. మళ్లీ కొలిస్తే అర వోల్టు లోపే ఉంది. పట్టీకీ కూలికీ కలిపి 1,200 రూపాయలు తీసుకున్నారు. మూడు నెలలుగా ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు.

లోపాలూ చెప్పాలి. షాపు ముందు లారీ నిలపడానికి చోటు చాలదు, బిల్లు అడిగితే గానీ రాయరు, తొమ్మిదింటికి ముందు వెళ్లకపోతే సాయంత్రందాకా కూర్చోవాల్సిందే. వెళ్లేవారు బ్యాటరీ టెర్మినళ్లు ముందుగా విప్పి శుభ్రం చేయకుండా, బండి ఉన్నది ఉన్నట్టుగా, ఇంజను చల్లారకముందే చూపించండి.